రాయల్ యాపిల్ చెట్టు ఎన్ని గంటలు పడుకోవాలి? కోట్‌గఢ్, కల్పా, ఘుమార్వీ తోటల్లో మా తిరుగుడు

హిమాచల్ నుంచి తిరిగొచ్చి వారం కాలేదు. మరిచిపోకముందే రాసుకుంటున్నాను.

ఈ ప్రయాణానికి కారణం మా మావయ్య. ఆయనకి నూజివీడు పక్కన మామిడి తోట ఉంది. బంగినపల్లి, చిన్నరసాలు. మామిడి బాగా పూయాలంటే డిసెంబరు, జనవరి రాత్రుళ్లు చల్లగా ఉండాలి. చలి సరిగ్గా పడకపోతే పూత రావలసిన చోట చిగురు వచ్చేస్తుంది. ఈమధ్య ఏళ్లలో మావయ్య తోటలో అదే గొడవ. పూత కోసం వాడే కల్టార్ మందు పోసినా చెట్టంతా ఒక్కసారి పూయడం లేదు. ఒక కొమ్మ పిందె మీదుంటే పక్క కొమ్మ అప్పుడే మొగ్గ తొడుగుతుంది. "చెట్టుకి చలి కావాలని మా నాన్న కూడా చెప్పేవాడు. ఎంత కావాలో లెక్క మాత్రం ఎవడూ చెప్పలేదురా" అంటాడాయన. ఆ లెక్కను గంటల్లో కట్టి, దాని మీద బతుకులు నడుపుకొనేవాళ్లు యాపిల్ రైతులు. వాళ్లని చూడాలని కోతల కాలం చూసుకుని ఇద్దరం బయల్దేరాం.

సెప్టెంబర్ 9, నార్కండ

సిమ్లా నుంచి నార్కండకి 60 కిలోమీటర్ల పైచిలుకు. బస్సులో మనిషికి నూటయాభై లోపే అయింది. ఠియోగ్ దాటాక రోడ్డంతా యాపిల్ లారీలే. కొండవాలంతా తెల్ల వలలు కప్పి ఉంటే అవేమిటో మాకు మొదట అర్థం కాలేదు. పక్క సీటాయన చెప్పాడు, వడగళ్ల నుంచి కాయని కాపాడే వలలట. ఏప్రిల్‌లో పూత మీద ఒక్క పావుగంట వడగళ్లు పడితే ఏడాది పంట పోతుందట. మావయ్యకి హిందీ రాదు కానీ ఈ మాట నేను చెప్పేలోపే తలూపాడు. మార్చి గాలివానకి రాలిన పిందెలు ఏరుకున్న మనిషికి వేరే చెప్పనక్కర్లేదు.

నార్కండ 2,700 మీటర్ల ఎత్తు. బస్టాండ్ పక్కన చిన్న కొట్లో సిడ్డూ తిన్నాం, ప్లేటు వంద రూపాయలు. పులిసిన గోధుమ పిండిలో అక్రోటు, గసగసాల ముద్ద పెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. రెండు ముక్కలు చేసి పైన గరిటెడు నెయ్యి పోసి, పుదీనా పచ్చడితో ఇస్తారు. మావయ్య ఒక ముక్క తిని, "ఇది మన కుడుమేరా, చలి దేశం వెళ్లి లోపల పప్పు పెట్టుకుంది" అన్నాడు. కొట్టావిడ ఆయన ఖాళీ ప్లేటు చూసి అడగకుండానే మళ్లీ నెయ్యి పోసింది. దానికి డబ్బు తీసుకోలేదు. ఈ కొండల్లో నెయ్యి వద్దనడం మర్యాద కాదని ఆ సాయంత్రమే తెలిసింది.

రాత్రి గది పన్నెండు వందలు. రెండు రజాయిలు కప్పుకున్నా కాళ్లు వేడెక్కలేదు.

సెప్టెంబర్ 10, కోట్‌గఢ్, తానేధార్

మేం చేరాల్సింది తానేధార్. షేర్ జీపు డ్రైవర్ ఏ ఊళ్లో దిగాలో సరిగా వినకుండా కోట్‌గఢ్ చర్చి దగ్గర దించేసి వెళ్లిపోయాడు. ఆ చర్చి 1872 నాటిది. గడ్డి మధ్యలో, దేవదారు చెట్ల నీడలో ఉంది. అక్కడి నుంచి తోటల్లో పడి పైకి నడిచాం. దారి రెండుగా చీలిన ప్రతిచోటా ఎటు వెళ్లాలో తెలియక ఆగాం. ఒకచోట దారి ఏకంగా ఒకరి కళ్లంలోకి తీసుకెళ్లింది. వీపున కిల్టా మోస్తూ ఓ పెద్దావిడ ఎదురొచ్చింది. కిల్టా అంటే కింద సన్నగా, పైన వెడల్పుగా వెదురుతో అల్లిన బుట్ట. దాన్నిండా యాపిల్స్. అంత బరువుతోనే మాతో పాటు వెనక్కి ఓ ఫర్లాంగు నడిచి, మలుపు చూపించి, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కాయ పెట్టి వెళ్లింది.

హోమ్‌స్టే ఒక యాపిల్ రైతు ఇల్లు. ఇద్దరికీ కలిపి రోజుకి రెండు వేలు, రెండు పూటలా భోజనంతో. రాజ్మా, అన్నం, పెరుగు. రాజ్మా ఆ ఊళ్లోదే, ఉడికినా గింజ చెదరలేదు. ఇంటాయనకి అరవై దాటాయి. ఆయన కూతురు సోలన్ దగ్గర నౌణీలో ఉన్న యశ్వంత్ సింగ్ పర్మార్ ఉద్యాన విశ్వవిద్యాలయంలో చదువుతోంది. కోతల సాయానికి ఇంటికొచ్చింది. మా అదృష్టమంతా ఆ అమ్మాయే.

ఇక్కడ యాపిల్ అంటే మొదట చెప్పేది శామ్యూల్ స్టోక్స్ పేరు. ఫిలడెల్ఫియా కుర్రాడు, 1904లో కుష్ఠురోగుల సేవకని ఇండియాకి వచ్చాడు. ఇక్కడే పెళ్లి చేసుకుని ఉండిపోయాడు. జాతీయోద్యమంలో జైలుకి వెళ్లాడు, 1932లో హిందువై సత్యానంద్ అయ్యాడు. స్టోక్స్ రాకముందే హిమాచల్‌లో బ్రిటిష్ వాళ్లు నాటిన యాపిల్ ఉంది. కులు లోయలో 1870లో కెప్టెన్ లీ తోట వేశాడు. కానీ అవి పుల్లటి రకాలు, మన నోటికి పట్టలేదు. స్టోక్స్ 1916లో అమెరికా నుంచి రెడ్ డెలీషియస్ మొక్కలు తెప్పించి ఇక్కడ నాటాడు. అది తీపి. దాన్నే ఇక్కడి వాళ్లు రాయల్ అంటారు. ఆయన కట్టుకున్న ఇల్లు, పక్కనే కట్టించిన గుడి ఇప్పటికీ ఉన్నాయి. గుడి గోడల మీద చెక్కలో గీతా శ్లోకాలు చెక్కించాడు. మావయ్య అక్కడ చాలాసేపు కూర్చున్నాడు.

సాయంత్రం తోటలోకి వెళ్లాం. ఇంటాయన తోట కొండ మీద మెట్లు మెట్లుగా ఉంది. అడుగు మెట్టు 1,700 మీటర్ల దగ్గర, పై మెట్టు 2,300 దగ్గర. చెట్లన్నీ రాయలే, ఒకే నర్సరీ అంట్లు. అయినా కింది మెట్టు చెట్లకి కాయలు పలచగా, వేర్వేరు సైజుల్లో ఉన్నాయి. పై మెట్టు చెట్లు కొమ్మలు వంగి ఉన్నాయి. "నేల తేడానా?" అని మావయ్య అడిగాడు. నేను హిందీలో అడిగితే ఇంటాయన చెయ్యి పైకీ కిందకీ ఊపి, నేల కాదు, చలి అన్నాడు. శీతాకాలంలో ఏడు డిగ్రీల లోపు ఎన్ని గంటలు గడిచాయో లెక్కపెడతారు. వాటినే చిల్లింగ్ అవర్స్ అంటారు, పేపరు చదవని ముసలాయన కూడా ఆ మాటే అంటాడు. రాయల్‌కి అలాంటి గంటలు వెయ్యి నుంచి పన్నెండు వందల దాకా కావాలి. అన్ని దొరక్కపోతే వసంతంలో మొగ్గలు ఒక్కసారి విచ్చుకోవు. పూత వారాల తరబడి సాగుతుంది, తేనెటీగలు వచ్చిన రోజున సగం పూలు ఇంకా మూసుకునే ఉంటాయి. ఈయన చిన్నప్పుడు కింది మెట్టు మీద కూడా మంచు నిలిచేదట. ఇప్పుడు నిలవడం లేదు.

మావయ్య నా భుజం పట్టుకుని, "ఒక కొమ్మ పూయడం, ఒక కొమ్మ చిగురేయడం. విన్నావా, మన కథేరా ఇది" అన్నాడు. ఆయన గొంతులో సంతోషం వినిపించింది. ఇన్నాళ్లూ తన సేద్యంలోనే లోపముందేమోనని మథనపడుతున్న మనిషి.

కథ ఒకటే అయినా లోపలి పని ఒకటి కాదని అమ్మాయి చెప్పింది. భోజనమయ్యాక బల్ల మీద దీపం పెట్టుకుని, ఒక పొట్టి రెమ్మ తెచ్చి కూర్చుంది. యాపిల్ కాయ కాసేది ఇలాంటి పొట్టి రెమ్మల చివరే. కొసన లావుపాటి మొగ్గ ఉంది, మట్టి రంగులో, సన్నటి నూగుతో. బ్లేడుతో నిలువునా చీల్చింది. పైన ఒకదాని మీద ఒకటి అదుముకున్న పొలుసులు. లోపల ముదురాకుపచ్చ ఆకు చుట్టలు, వడ్లగింజంత కూడా లేవు. వాటి నడుమ, చేతి అద్దం పెట్టి చూస్తే, పాలతెలుపులో గుండ్రటి బొడిపెలు. "ఇవి వచ్చే ఏప్రిల్ పూలు అంకుల్ జీ" అంది. జూన్, జూలైల్లోనే తయారీ మొదలవుతుందట. ఈ ఏడాది కాయ చెట్టు మీదుండగానే వచ్చే ఏడాది పూలు మొగ్గలో ఉంటాయి. చలి చేసే పని ఆ పూలని పుట్టించడం కాదు, వాటిని పడుకోబెట్టి మళ్లీ లేపడం. మామిడికైతే చల్లటి రాత్రులు పూమొగ్గని పుట్టించడానికే కావాలి. మావయ్య ఆ మొగ్గని రెండు వేళ్లతో పట్టుకుని దీపం కింద తిప్పి తిప్పి చూశాడు.

ఆ పడుకోబెట్టే పని చేసే జన్యువులు దొరికిన తీరు ఆమె చెప్పింది. మెక్సికోలో ఒకరకం పీచ్ చెట్టు ఉంది, చలికాలం వచ్చినా అది నిద్రపోదు. కొసలు పెరుగుతూనే ఉంటాయి, చలి దేశంలో నాటితే ఆ కొసలు మంచుకి మాడిపోతాయి. దాని జన్యువులు చదివితే మామూలు పీచ్‌లో వరసగా ఉండాల్సిన ఆరింటిలో కొంత భాగం ఊడిపోయి కనిపించింది. ఆ వరసకి డ్యామ్ (DAM) జన్యువులని పేరు పెట్టారు. యాపిల్‌లోనూ అలాంటివే ఉన్నాయి. ఆకురాలు కాలంలో చలి తగలగానే ఇవి పనిలోకి దిగి మొగ్గ ఎదుగుదలను ఆపేస్తాయి. చలి గంటలు పోగవుతున్నకొద్దీ వాటి మీద రసాయన ముద్రలు పడి ఒక్కొక్కటే పని మానేస్తాయి. అవి పూర్తిగా ఆగాక వచ్చిన ఎండే మొగ్గని లేపగలదు. ఎన్ని గంటలకి ఆగుతాయన్నది రకాన్ని బట్టి ఉంటుంది, అది జన్యువులో రాసి ఉన్న విషయం. యాపిల్‌కి 17 జతల క్రోమోజోములు. 2010లో గోల్డెన్ డెలీషియస్ జన్యుపటం ప్రకటించారు. మొగ్గ ఎప్పుడు పగలాలన్నదాంట్లో తొమ్మిదో క్రోమోజోము మీదున్న ఒక చోటుకి పెద్ద పాత్ర ఉందని తేలింది.

"మరి చెట్టు అలవాటు పడదా? నూరేళ్లుగా ఇక్కడే ఉందిగా" అన్నాడు మావయ్య. నేను అడగాలనుకున్నదీ అదే. అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

రాయల్ అనేది ఒకే ఒక్క చెట్టు. అమెరికాలో అయోవా రాష్ట్రంలో, జెస్సీ హయాట్ అనే రైతు పొలంలో 1870ల్లో గింజ పడి తనంతట మొలిచింది. వరసలో లేదని ఆయన నరికేస్తే మళ్లీ చిగురించిందని చెబుతారు. దాని కొమ్మల నుంచి అంటు కట్టి, అంటు మీద అంటు కట్టి ప్రపంచమంతా పంచారు. మధ్యలో ఏదో ఒక కొమ్మ కాస్త మారి, రంగు ఎక్కువున్న రకాలు కొన్ని వచ్చాయి. అంతకుమించి తేడా లేదు. కోట్‌గఢ్‌లో ఉన్నా, అయోవాలో ఉన్నా దానికి అవే గంటలు కావాలి. వాతావరణానికి తగ్గట్టు మారేది చెట్టు కాదు, చెట్ల సంతానం. యాపిల్ తన పుప్పొడితో తాను కాయదు, వేరే రకం పుప్పొడి తప్పనిసరి. కాబట్టి ప్రతి గింజా కొత్త కలయిక. వంద గింజలు నాటితే వంద రకాల నిద్రలు. వాటిలో ఆ చోటి చలికి సరిపోయేది బతికి కాస్తుంది, మిగతావి వెనకబడతాయి. మధ్య ఆసియాలో టియాన్ షాన్ కొండల అడవి యాపిల్ అలాగే వేల ఏళ్లు మారుతూ వచ్చింది, మనం తినే యాపిల్‌కి తల్లి అదే. అంటు కట్టడం మొదలుపెట్టి మనం ఆ మార్పుని ఆపేశాం. తీపి ఆగింది, రంగు ఆగింది, వాటితోపాటే నిద్ర గంటలు కూడా ఆగిపోయాయి.

మావయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మోటారు షెడ్డు వెనకున్న టెంక చెట్టు గురించి ఎత్తాడు. ఎవరూ నాటలేదు, తిని పారేసిన టెంక మొలిచింది. కాయ చిన్నది, పీచు ఎక్కువ, మార్కెట్లో కొనరు. కలపకి అడుగుతున్నారు, ఇచ్చేద్దామని అనుకున్నాడు. కానీ చలి పడని ఏడాది కూడా అది ఎప్పటిలాగే సంక్రాంతికి పూసింది. "దాన్ని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదురా" అన్నాడు.

మర్నాడంతా సార్టింగ్ షెడ్డులో గడిపాం. నేపాల్ నుంచి కోతలకి వచ్చిన కుర్రాళ్లు చేతులతోనే సైజు పట్టేస్తున్నారు. ఎక్స్‌ట్రా లార్జ్, లార్జ్, మీడియం, స్మాల్, ఎక్స్‌ట్రా స్మాల్, అన్నిటికన్నా చిన్నది పిత్తూ. కింది మెట్టు కాయల్లో పిత్తూ కుప్ప పెద్దది. ఆ రోజు పండ్ల మార్కెట్లో మంచి సరుకు పెట్టె రెండు వేలు దాటింది, పిత్తూకి అందులో మూడో వంతు రాలేదు. చలి గంటలు తగ్గితే రైతు జేబుకి ఎంత చిల్లు పడుతుందో ఆ రెండు కుప్పల మధ్యే కనిపించింది. ఇంటాయన కింది మెట్టులో రాయల్ తీసేసి తక్కువ చలి చాలే గాలా రకం వేస్తున్నాడు. కులు లోయ దిగువన యాపిల్ వదిలేసి దానిమ్మకి మళ్లినవాళ్లున్నారు. ఇంకొందరు కొండ మీదికి, మరింత పైకి తోటలు పాకిస్తున్నారు.

సెప్టెంబర్ 13, రాంపూర్ దాటి

రాంపూర్ సట్లెజ్ ఒడ్డున వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. తానేధార్ నుంచి దిగితే స్వెట్టర్లు తీసేయాల్సినంత ఉక్క. యాపిల్ కనుమరుగై మామిడి, అరటి కనిపించాయి. మావయ్య బస్సు కిటికీలోంచి ఓ మామిడి చెట్టుని చూసి చేయి ఊపాడు.

తర్వాతి దారి కష్టం. నిగుల్సరీ దగ్గర 2021 ఆగస్టులో కొండ విరిగి బస్సు మీద, ఇంకొన్ని బండ్ల మీద పడి 28 మంది పోయారు. అక్కడికి రాగానే బస్సులో మాటలు ఆగాయి. కొంత ముందుకెళ్లాక రాళ్లు దొర్లాయని ట్రాఫిక్ నిలిపేశారు. మూడు గంటలు పైనే నిలబడ్డాం. మాకు టెన్షన్. పక్కవాళ్లు మాత్రం దిగి బొగ్గుల కుంపటి పెట్టి టీ కాచారు. అందరికీ పోసి, ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు. తరండా దేవి గుడి దగ్గర డ్రైవర్ బండి ఆపి దండం పెట్టుకుని వచ్చాకే పైకి కదిలాడు.

సెప్టెంబర్ 14 నుంచి, కల్పా

కల్పా 2,900 మీటర్ల పైన ఉంది. ఎదురుగా కిన్నౌర్ కైలాస్ శిఖరం, తెల్లారి ఎండ పడేది దాని వెనక నుంచే. ఇక్కడ రాయల్ ఇంకా పూర్తిగా ఎర్రబడలేదు. కోతలు నెలాఖరుకి గానీ మొదలవవు. కాయ కొరికితే పళ్లకి గట్టిగా తగులుతుంది, రసం చేతి మీదుగా కారుతుంది. మేం దిగిన ఇంటి ముసలాయన ఆకుపచ్చ అంచు టోపీ ఉదయం పెట్టుకుంటే పడుకునేటప్పుడే తీస్తాడు. మావయ్య నెత్తిన కూడా ఒకటి పెట్టారు. కొనుక్కుంటే నాలుగు వందలట, మాకు ఊరికే ఇచ్చారు. తోటలో నేల మీద పడ్డ కాయ ఎవరైనా తినొచ్చు, చెట్టు మీది కాయ మాత్రం ఇంటివాళ్లు కోసి ఇస్తేనే. ఈ సంగతి మాకు పక్కింటి పదేళ్ల పిల్ల ఎంతో మర్యాదగా చెప్పింది.

ఒకప్పుడు ఈ ఎత్తులో రాయల్‌కి చలి ఎక్కువై, కాయ పండేలోపు మంచు పడిపోయేదట. ఇప్పుడు ఇక్కడే దాని సుఖమంతా. ఇంకా పైకి, స్పితిలో టాబో దాకా యాపిల్ వెళ్లింది. తక్కువ నిద్ర రకాలు ఇక్కడ పనికిరావు. ఒకాయన దిగువ నుంచి తెచ్చి సరదాగా ఒక మొక్క పెట్టాడట. నాలుగు ఎండలు కాయగానే మార్చిలో మొగ్గ విచ్చింది, తర్వాతి వారం మంచుకి పూలన్నీ నల్లబడ్డాయి. తానేధార్‌లో రాయల్‌ని ఇబ్బంది పెడుతున్న ఆ పొడుగాటి నిద్రే ఇక్కడ దానికి కవచం. ఫిబ్రవరి ఎండ ఎంత పిలిచినా లేవదు.

నా మనసు యాపిల్ కన్నా చూలీ మీద పడింది. చూలీ అంటే అడవి జర్దాలు (ఆప్రికాట్). ఇళ్ల పక్కన, గోడల సందుల్లో, వాగు ఒడ్డున వాటంతట అవే మొలిచినవి. కాయ జూలైలోనే అయిపోయింది, ఎండబెట్టినవి ఇంటి కప్పుల మీద ఉన్నాయి. ఇంటావిడ వేర్వేరు చెట్లవి మూడు గిన్నెల్లో పోసి రుచి చూడమంది. ఒకటి తేనెలా తీపి, ఒకటి చింతపండంత పులుపు, మూడోది నాలుక మీద వగరు. లోపలి పప్పులూ అంతే. ఒక చెట్టువి బాదంలా కమ్మగా ఉంటే, ఇంకో చెట్టువి చేదు విషం, వాటితో నూనె తీస్తారు. ఆ నూనె కీళ్లకి రాస్తే మంచిదని మావయ్య మోకాళ్లకి ఆవిడే రాసింది. ఏ చెట్టు ముందు పూస్తుంది, ఏది మంచు పడ్డా కాస్తుంది, ఆవిడకి అన్నీ తెలుసు. వాగు ఒడ్డుది అందరికన్నా ఆలస్యంగా పూస్తుంది, ఎందుకంటే అక్కడ చల్లగాలి నిలుస్తుంది, తొందరపడి పూసిన మొలకలేవీ అక్కడ కాయ కట్టలేదు అంది. నౌణీ అమ్మాయి దీపం కింద చెప్పిన పాఠమంతా ఈవిడ పెరట్లో చెట్లుగా నిలబడి ఉంది.

ఇప్పుడు ఆ చెట్లని కొట్టేసి యాపిల్ వేస్తున్నవాళ్లు ఎక్కువ. యాపిల్ వల్లే ఇక్కడి పిల్లలు సిమ్లా, చండీగఢ్‌లలో చదువుకుంటున్నారు, కాబట్టి వాళ్లని తప్పుపట్టలేను. కానీ కొట్టేసే ముందు ఏ చెట్టు ఎప్పుడు పూసేదో ఎవరైనా రాసిపెట్టుకుంటే బాగుండనిపించింది. తర్వాత ఎంత డబ్బు పోసినా ఆ కలయిక మళ్లీ దొరకదు.

రాత్రి ఓగలా (బక్‌వీట్) పిండి అట్లు, పైన వెన్న. ధర అడిగితే రూము అద్దెలోనే ఉందన్నారు.

సెప్టెంబర్ 18, ఘుమార్వీ

బిలాస్‌పూర్ జిల్లాలో ఘుమార్వీ చేరేసరికి చెమటలు పట్టాయి. కల్పా నుంచి వచ్చిన ఒంటికి ఇది నూజివీడే. ఈ పక్కనే పనియాలా అనే ఊరు, హరిమన్ శర్మ గారిది. 1998లో ఇంట్లో తిన్న యాపిల్స్ గింజల నుంచి పెరట్లో ఒక మొక్క మొలిచింది. ఇక్కడి ఎత్తు చాలా తక్కువ, ఎండాకాలం నలభై దాటుతుంది. ఈ ఊళ్లో యాపిల్ కాయదని అందరికీ తెలుసు. ఆయన దాన్ని పీకేయకుండా ఉంచాడు. 2001లో కాసింది. అంటు కట్టడానికి యాపిల్ వేరుమొక్క దొరక్క మొదట ఆలూబుఖారా చెట్టు మీద కట్టాడు. అదే ఇప్పుడు హెచ్‌ఆర్‌ఎమ్‌ఎన్-99 రకం. ఫిబ్రవరిలో పూసి జూన్‌లో పండుతుంది, చలి గంటలు నామమాత్రం చాలు. ఆయనకి 2025లో పద్మశ్రీ వచ్చింది. మన ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో ఒక రైతు హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల సాయంతో 2020లో తీసిన యాపిల్ కాపు కూడా ఈ రకమే.

మేం పద్మశ్రీ గారిని ఇబ్బంది పెట్టదలచుకోలేదు. రోడ్డు పక్క నర్సరీ ఒకటి చూసి ఆగాం. నర్సరీ వెనక పెరట్లో యాపిల్ చెట్టు, దానికి పది గజాల్లో మామిడి చెట్టు. రెండూ ఒకే నీళ్లు తాగుతున్నాయి. మావయ్య రెంటి మధ్యా నిలబడి అటూ ఇటూ చూశాడు. యాపిల్ ఆకు ఇంకా లేతగా, పచ్చగా ఉంది. కాయలు ఎప్పుడో అయిపోయాయి. నర్సరీ ఆయన ఫోన్లో జూన్ కాపు ఫొటోలు చూపించాడు. పసుపు మీద ఎరుపు చారలు, మధ్యరకం సైజు. రుచి రాయల్ అంత రాదని ఆయనే చెప్పాడు. ఆ నిజాయితీ మాకు నచ్చింది.

మొక్క నూటయాభై. నేను రెండు తీసుకుందామన్నాను, మావయ్య ఒప్పుకోలేదు. యాపిల్‌తో తనకి పని లేదన్నాడు. ఆయన అడిగించింది వేరే ప్రశ్న: ఆ మొదటి మొలకని శర్మ గారు ఎందుకు పీకలేదు? నర్సరీ ఆయన నవ్వి, యాపిల్ ఆకు కదా, చూద్దామనుకున్నాడు, అంతే అన్నాడు.

బస్టాండ్‌లో రాజ్మా చావల్ తింటూ మావయ్య తోట చూసే మనిషికి ఫోన్ చేశాడు. మోటారు షెడ్డు వెనక చెట్టుకి కలప బేరం వద్దని చెప్పాడు. తోటలో, గట్ల మీద, పక్క రైతు పొలంలో టెంక మొలకలు ఎన్ని ఉన్నాయో చూసి ఒక్కోదానికీ సున్నంతో నంబరు వెయ్యమన్నాడు. డిసెంబరు నుంచి ఏ నంబరు చెట్టు ఏ తారీఖున మొగ్గ తొడిగిందో, పొద్దున్నే ఎంత చలి ఉందో పిల్లాడి చేత నోట్‌బుక్కులో రాయించమన్నాడు. అవతలి మనిషి ఎందుకని అడిగినట్టున్నాడు. వచ్చాక చెబుతాలే, ముందు థర్మామీటరు ఒకటి కొను, డబ్బులు పంపిస్తా అన్నాడు.